పులిసిన మాట

ఆయన పోయాడన్న కబురు తెచ్చిన మనిషి ముందు మజ్జిగ అడిగాడు. తాగి, మీసాలు తుడుచుకొని, "మంచి మజ్జిగబ్బా" అని, ఆ తర్వాత విషయం చెప్పాడు. వరస తప్పిందని నేననుకోలేదు. పోయిన మనిషే ఆ కబురు మోసుకొచ్చి ఉంటే ఆయనా ఇదే వరసలో చెప్పేవాడు. మజ్జిగలో కలిపిన నీళ్ళు ఏ బావివో కూడా చెప్పేవాడు.

కాటి దగ్గర పదిమందిమి చేరాం. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచిమాటలు అనుకోవడం ఆనవాయితీ కాబట్టి అనుకున్నాం.

"శానా గొప్ప నాలుకప్పా అది. కడాకు సచ్చిపోయినాది గానీ."

"మనిషికంటే ముందు నాలుక పోయినాది పాపం."

అందరూ తలలూపారు. నేను ఊపలేదు. నాకు తెలిసినంతవరకు ఆ నాలుక ఆ మనిషితోపాటే పోయింది, ఒక్క పూట కూడా ముందు కాదు. ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పడానికి లేకపోయింది, మధ్యలో ఒక కోర్టు కేసు ఉంది. ఇప్పుడు ముద్దాయి పోయింది, మేజిస్ట్రేటు బదిలీ మీద అరవదేశం వెళ్ళిపోయాడు, నేను కోర్టు గుమాస్తాగిరీ మానేసి పుస్తకాల అంగడి పెట్టుకున్నాను. చెప్తే నష్టపోయేవాళ్ళు ఎవరూ లేరు.

తిరుపతిలో ఆయన్ని నాలుకాయన అనేవాళ్ళు. అసలు పేరు నేను రాయను. వేలిముద్ర మనిషి, పేరుతో ఆయనకు ఎప్పుడూ పని పడలేదు. మా జిల్లాలో సారా బందు కాకముందు గుత్తేదారు దగ్గర ఉద్యోగం. ఊరూరూ తిరిగి అంగళ్ళలో సారాయి రుచి చూసి, నీళ్ళు కలిపారేమో కనిపెట్టాలి. ఇంతవరకు వినగానే ప్రతి మగవాడూ "ఆహా, ఏం ఉద్యోగమప్పా!" అంటాడు. ఆ తర్వాతది వింటే అనడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్క గుక్క కూడా మింగలేదు.

నోట్లో పోసుకుంటాడు. కళ్ళు మూస్తాడు. ఎడమ దవడకు పంపుతాడు, కుడి దవడకు పంపుతాడు. పైకి చూస్తాడు, దూలం మీద ఎవరో కూర్చొని జవాబు అడుగుతున్నట్టు. కొబ్బరిచిప్పలో ఉమ్మేస్తాడు. నాలుగు బొరుగులు నమిలి, నోరు పుక్కిలించి, అప్పుడు తీర్పు.

"ఎందుకు మామా, ఒక్కసారైనా మింగకూడదా?" అని అడిగాను ఒకనాడు.

"తాగినోడు సారాయి పక్కన చేరి మాట్లాడతాడబ్బా. నేను మధ్యస్తుణ్ణి."

ఏర్పేడు అంగడివాడికి ఆయన చెప్పిన తీర్పు ఇప్పటికీ చెప్పుకుంటారు. "పడికి అరసోల నీళ్ళు పోసినావు. అదీ రైలు ఇంజనుకు పట్టే నీళ్ళు. మీ బావి నీళ్ళు పోసుంటే నాకు రొంత కష్టమయ్యుండు." అంగడివాడు కాళ్ళు పట్టుకున్నాడట. ఈయన కాళ్ళు వెనక్కి తీసుకొని, "నన్నెందుకు పట్టుకుంటావు? చెప్పింది నాలుక" అన్నాడట.

సత్యవేడులో సొంత బావమరిది అంగడిలోనూ అదే మాట చెప్పాడు. అంగడి పోయింది. ఇంట్లో ఆయన భార్య, నాకు వరసకు అత్త, మూడు నెలలు మాట్లాడలేదు. మాట్లాడిన రోజున కూడా నాతోనే మాట్లాడింది, ఆయనకు వినబడేటట్టు. "ఒక్క మాట అటూ ఇటూ అనుంటే ఈయన సొమ్మేం పోయుండునబ్బా? నా తమ్ముడు అంగట్లో కూచోనుండు గదా!"

ఆమె బాధలు ఇంకా ఉన్నాయి. నాలుక మొద్దుబారుతుందని ఆయన మిరపకాయ మానేశాడు. చిత్తూరు జిల్లాలో మిరపకాయ మానడం సన్యాసం కంటే కఠినం. మా వైపు సన్యాసులు పెళ్ళాన్ని వదిలేస్తారు గానీ సంగటిలోకి కారం వదలరు. "కారం తినని మనిషితో ముప్పై ఏండ్లు కాపురం చేసినా. దీనికి బిరుదులిచ్చే రాజులెవురూ లేరా?" అనేది అత్త.

సారా బందు కాగానే ఉద్యోగం పోయింది. నాలుక మాత్రం మిగిలింది. దానికి పని పెట్టాలి కదా, ఊళ్ళో నీళ్ళూ పులుసులూ మొదలుపెట్టాడు. పెళ్ళివాళ్ళు పొయ్యి రాజేయకముందే ఆయనకు మనిషిని పంపేవాళ్ళు. వంటపందిట్లో పీట వేసేవాళ్ళు. స్వర్ణముఖి చెలమ నీళ్ళయితే పప్పు ఉడుకుతుందని, ఫలానా వీధి బావి నీళ్ళయితే ఉడకదని చెప్పేవాడు. రసం చుక్క అరచేతిలో పోయించుకొని, "చింతపండు కొత్తది. పాతదని చెప్పి మీకు అమ్మినారు" అనేవాడు. అరచేతిలో ఆ చుక్క పడే క్షణంలో ఆయన కూర్చునే తీరు చూడాలి. పెళ్ళికొడుకు కూడా అంత నిటారుగా కూర్చోడు.

నేనొకసారి మూడు బావుల నీళ్ళు ఒక చెంబులో కలిపి ఇచ్చాను. మూడు బావుల పేర్లూ చెప్పి, "నువ్వు చెయ్యి కడుక్కోలేదబ్బా" అన్నాడు. ఆ తర్వాత ఆయన్ని పరీక్షించడం మానేశాను.

ఇక ఆ కేసు.

యుద్ధం మొదలుకాగానే సర్కారు జర్మనీ వాళ్ళందరినీ పట్టి క్యాంపుకు పంపింది. మా ఊరి చివర బంగళాలో ఉండే దొరనూ పట్టుకుపోయారు. ఆయన పాదిరి. బంగళాకు మిగిలింది వంటచేసే సంతోషమ్మ ఒక్కతే, యాభై దాటిన మనిషి. దొర పోతూ పోతూ ఆమెకు ఆరు సీసాలు అప్పజెప్పి, "నేనొచ్చేదాకా వీటిని పండబెట్టి చల్లగా ఉంచు" అన్నాడట. ఆమె కుశినీలో, వంట చేసే చోటే, ఒక మూల ఇసుక పోసి, సీసాలను అందులో పండబెట్టి, ఎండాకాలమంతా రోజుకు రెండుసార్లు నీళ్ళు చల్లింది. "నా బిడ్డల్ని కూడా అట్ల సాకలేదు సామీ" అని కోర్టులోనే చెప్పింది.

ఎవరో చెప్పిపెట్టారు. పోలీసులు ఇసుక తవ్వారు. సీసాల మీద జర్మనీ అక్షరాలు చూసి, పేలుతాయేమోనని హెడ్డు కానిస్టేబులు వాటిని బంట్రోతు చేత మోయించాడు. తెల్లవాళ్ళకు సర్కారు ఇచ్చే తాగుడు పర్మిట్టు దొర పేరుమీద ఉండేది, అది దొరతోనే పోయింది. కాబట్టి సంతోషమ్మ ముద్దాయి. సీసాకో నెల జైలని హెడ్డు బోనులో ఉన్న ఆమెకు వినబడేటట్టే లెక్క చెప్పాడు.

చిక్కు ఎక్కడంటే, సీసాలో ఉన్నది సారా జాతిదని ఎవరో ఒకరు చెప్పాలి. హెడ్డుకు తెలిసిన పరీక్ష ఒక్కటే, గుడ్డ తడిపి అగ్గిపుల్ల గీయడం. సారాయి అయితే భగ్గుమంటుంది. ఈ గుడ్డ అంటుకోకపోగా అగ్గిపుల్లనే ఆర్పేసింది. వేలు ముంచి నాకి, "పుల్లగుండాది సామీ" అన్నాడు హెడ్డు, మోసపోయినవాడిలా.

"అది దొర ఊరి ద్రాక్షరసం సామీ" అంది సంతోషమ్మ. "వాళ్ళూళ్ళో కూలోళ్ళు గూడా కూట్లోకి తాగేదంట. ఖరీదైంది గూడా కాదని దొర చెప్పినాడు."

మేజిస్ట్రేటు విషయం తేల్చేశాడు. తాగడానికి పనికిరాకుండా చెడిపోయిన రసమైతే కేసు లేదు. సారా జాతిదైతే జైలు. తెలిసిన నాలుకను పిలవండి అన్నాడు. సారా బందుతో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిని సారా బందు కేసులోనే సర్కారు సాక్షిగా పిలిచారు.

నాలుకాయన ఉతికిన పంచెతో, బొరుగుల సంచితో, సొంత కొబ్బరిచిప్పతో వచ్చాడు. ముందురోజు నుంచి ఉల్లిపాయ కూడా ముట్టలేదని అత్త చెప్పింది. బిరడా తీసే పనిముట్టు కోర్టులో లేదు. బంట్రోతు దబ్బనంతో పొడిచి, మేకుతో పొడిచి, చివరికి బిరడాను లోపలికే తోసేశాడు. గ్లాసులో పోస్తే ఎండుగడ్డి రంగులో ఉంది. సన్నగా ఒక వాసన లేచింది. మా కోర్టులో పాత కాగితాలదీ చెమటదీ తప్ప ఇంకో వాసన అదే మొదటిసారి అనుకుంటాను.

నోట్లో పోసుకున్నాడు. కళ్ళు మూశాడు. ఎడమ దవడ, కుడి దవడ. పైకి చూశాడు. ఎప్పుడూ పైన ఎవరో జవాబు అడుగుతున్నట్టుండేది. ఆవేళ పైన ఎవరో ఏదో చెప్తున్నారు, ఈయన వింటున్నాడు. బంట్రోతు చిప్ప పట్టుకొని నిలబడ్డాడు. నాలుకాయన గొంతులో ముడి ఒకసారి పైకి లేచి, కిందికి దిగింది. చిప్ప పొడిగానే ఉంది.

అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. తక్కినవాళ్ళకు ఆ చిప్ప సంగతి తెలియదు. బంట్రోతు చిప్పను తలకిందులు చేసి చూసి పక్కన పెట్టేశాడు.

"ఎన్నయ్యా ఇదు?" అన్నాడు మేజిస్ట్రేటు, ఏమిటిదని తన అరవంలో.

"ద్రాక్షరసమే సామీ."

"సరి. అప్పురం?" అన్నాడు, ఇంకేమిటన్నట్టు.

ఆయన బొరుగుల సంచి వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. ఆ రుచిని అప్పుడే తుడిచేయడం ఇష్టం లేనట్టుంది. బోనులో సంతోషమ్మ ఆయన నోటివైపే చూస్తూ ఉంది.

"పులిసినాది" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం వెతికినా దొరకదు. పిండి పులిస్తే దోసె పోసుకుంటాం. కల్లు పులిస్తే తాగుతాం. పెరుగు పులిస్తే పక్కన పెడతాం. ద్రాక్షరసం పులిస్తే జర్మనీ వాళ్ళు దాన్నే సీసాకు పోసి బిరడా బిగిస్తారు. కానీ మా మేజిస్ట్రేటుకు ఆ మాట ఇంట్లో పెరుగు దగ్గర తప్ప వినబడి ఎరగదు. "ఓ, పులిచ్చు పోచ్చా!" అని మొహం చిట్లించి, నావైపు తిరిగి, "రాయవయ్యా ఇంగ్లీషులో" అన్నాడు.

ఇంగ్లీషువాడు ఈ ఒక్క మాటకు రెండు మాటలు పెట్టుకున్నాడు, పులిసి మత్తెక్కినదానికి ఒకటి, ఊరికే పులుపెక్కినదానికి ఒకటి. ఒకటి రాస్తే సంతోషమ్మ జైలుకు పోతుంది. ఇంకొకటి రాస్తే ఇంటికి పోతుంది. నాలో ధర్మదేవత నిద్రలేచిందని మీరు అనుకోవద్దు. భోజనం వేళ దాటింది. మొదటి మాట రాస్తే హెడ్డు ఇంకా ఎనిమిది ప్రశ్నలు అడుగుతాడు. నేను రెండో మాట రాశాను, పక్కన 'చెడిపోయినది' అని ఇంకొకటి తగిలించాను, అనుమానం మిగలకుండా.

తీరా రాశాక గుర్తొచ్చింది. సాక్షి చెప్పింది సాక్షికి తెలుగులో చదివి వినిపించాలి. ఆయన ఒప్పుకొని వేలిముద్ర వేస్తేనే అది సాక్ష్యం. బావమరిది అంగడినే వదలని మనిషి ఈయన.

చదివాను. "ద్రాక్షరసం. పులుపెక్కి చెడిపోయినది."

"ఇంకోసారి చదువు" అన్నాడు నాలుకాయన.

చదివాను.

"చెడిపోయినాదని ఉండాదా దాంట్లో?"

"ఉండాది మామా."

నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన నావైపు చూడలేదు. బోను దగ్గర ఏదో గొడవ అవుతుంటే అటు చూశాడు. బల్లమీద మిగిలిన ఐదు సీసాలకు ఇంకా ఇసుక అంటుకొని ఉంది. సంతోషమ్మ బోనులోంచి చెయ్యి చాచి, అందిన సీసాను చెంగుతో తుడుస్తోంది. బంట్రోతు కసురుతున్నాడు, "ఏయ్, అది కోర్టు సామాను!" అని. "దొర సామానయ్యా" అంటోంది ఆమె, తుడవడం ఆపకుండా.

నాలుకాయన సిరా దిండు దగ్గరికి జరుపుకొని, బొటనవేలు అద్ది, కాగితం మీద గట్టిగా ఒత్తాడు.

కేసు కొట్టేశారు. సీసాలు తిరిగి ఇచ్చేశారు, ఊరగాయకైనా వాడుకొమ్మని మేజిస్ట్రేటు దయచేసి చెప్పాడు. బయటికి రాగానే సంతోషమ్మ ఏడవడం మొదలుపెట్టింది. విడుదలైన సంతోషం అనుకొని నేనొక హాస్యం ఆడబోయాను. అది కాదు.

"నిజంగా చెడిపోయినాదా అన్నా? అంత చల్లగా పెట్టుకుంటినే! దొర వస్తే నేనేం జవాబు చెప్పేది?"

నాలుకాయన అటూ ఇటూ చూశాడు. ఆమె తలమీది సీసాల గంపను దించి, వేపచెట్టు నీడలో పెట్టించాడు.

"చెడిపోలేదమ్మా. శానా బాగుండాది. ముందు పచ్చి ఉసిరికాయ మాదిరి పుల్లగా తగుల్తాది. తగిలి ఊరుకోదు, ఎనకాలే రొంత తేనె వస్తాది. సారాయి మాదిరి అరవదు. మంచి కూలిమనిషి మాదిరి, చెప్పాల్సింది చెప్పి పక్కకు నిలబడతాది. కడాన ఒక రుచి ఉండాది సూడు, అది యాడ తిన్నానా అని కోర్టులో శానాసేపు ఎతుక్కున్నా. చిన్నప్పుడు బడిలో పలక నాకింటాము గదా, ఆ రుచి. మూడు నెలలు బడికి పోయి నేను నేర్చుకునింది అదొక్కటే."

సంతోషమ్మ ఏడుపు ఆగిపోయింది. "దొర చెప్పేవాడన్నా" అంది. "వాళ్ళ నాయన తోట గుట్టమీద ఉండాదంట. మన్నే కనపడదంట, అంతా పలకరాయేనంట."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను నాకు చేతనైన పని చేశాను. "అయితే మామా, కోర్టులో అబద్ధం చెప్పినట్టే గదా" అన్నాను.

"నాలుకతో చెప్పలేదబ్బా. వేలితో చెప్పినా" అన్నాడు, సిరా మరకను పంచెకు తుడుచుకుంటూ. "వేలికేం తెలుసు రుచి?" అని, సంతోషమ్మ వైపు తిరిగి, "ఇది ఎవురితోనూ అనొద్దు తల్లీ" అన్నాడు.

ఆమె ఎవరితోనూ అనలేదు. ఆ క్రిస్మస్‌కు మద్రాసు నుంచి తెల్ల పాదిరి ఒకాయన వస్తే, దొర పేరు చెప్పి ఒక సీసా తెరిచి పోసింది. "అనొద్దన్నాడు గానీ పోయొద్దనలేదు గదా" అని తర్వాత నాతో వాదించింది. పాదిరి తాగి, చవక సరుకే గానీ రవ్వంత దోషం లేదు, ఎంత బాగా కాపాడావమ్మా అని వాకిట్లో నలుగురి ఎదుట మెచ్చుకున్నాడు. మిగిలిన నాలుగు సీసాలనూ తన పర్మిట్టు కింద తీసుకుపోయాడు. మెచ్చుకోలు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. రెండు రోజుల్లో హెడ్డు చెవిన పడింది.

మూడోరోజు పొద్దున మేమంతా గోవిందరాజస్వామి గుడివీధి కాఫీ హోటల్లో ఉన్నాం. హెడ్డు వచ్చాడు, చంకలో ఇంటికి కొన్న వెచ్చాలతో. నాలుకాయన కోసం కూర్చున్నాడు. ఆయన వీధి మలుపు తిరగడం చూసి, ఉప్పుపొట్లం విప్పి, సర్వరు తెచ్చిన కాఫీలో గుప్పెడు పోసి కలిపాడు. హోటలంతా చూసింది. నేనూ చూశాను.

నాలుకాయన వచ్చి కూర్చోగానే హెడ్డు గ్లాసు ముందుకు తోశాడు. "పెద్దాయనా, రెండిట్లో ఒకటి చెప్పు. నీ నాలుక సచ్చిపోయినాదా, లేకపోతే కోర్టులో అబద్ధం ఆడినావా? అబద్ధం ఆడింటే కేసు మళ్ళా తిరగదోడతా. ఆయమ్మా లోపలికి పోతాది, ఎనకాల నువ్వూ పోతావు. తాగి చెప్పు."

 

ఆయన గ్లాసు ఎత్తాడు. దవడలకు పంపలేదు. పైకి చూడలేదు. చిన్న చిన్న గుక్కలుగా మొత్తం మింగాడు, అడుగున మిగిలింది కూడా తిప్పుకొని మింగాడు.

"ఎట్లుండాది?" అన్నాడు హెడ్డు.

"చక్కెర రొంత ఎక్కువైనాదప్పా."

హోటలు హోటలంతా పగలబడి నవ్వింది. హెడ్డుకు నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి. కేసు ఆ నవ్వుల్లోనే కొట్టుకుపోయింది. "పోనీలే పెద్దాయనా, వయసైపోయినాది" అన్నాడు, భుజం తట్టి.

"అవునప్పా, సచ్చిపోయినాది. ఇంగ పెండ్లిండ్లకు నన్ను పిలవొద్దండి" అన్నాడు ఆయన.

ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత ఆయన బతికిన అన్నేళ్ళలో ఒక్క వంటపందిట్లోనూ ఆయనకు పీట వేయలేదు.

ఆయన లేచి వెళ్తుంటే వెనకే వెళ్ళాను. వీధి మలుపు దాటేదాకా మామూలుగానే నడిచాడు. దాటగానే గోడ పట్టుకొని వంగి ఉమ్మాడు, మళ్ళీ ఉమ్మాడు. పక్క ఇంట్లో చెంబెడు నీళ్ళు అడిగి తెచ్చి ఇచ్చాను. పుక్కిలించాడు. కళ్ళు మూసుకొని కాసేపు నిలబడ్డాడు. నాకు భయమేసింది.

"మామా..." అన్నాను.

"తడ ఊరి ఉప్పబ్బా ఇది. పోయినేటి రాశిలో అడుగు సరుకు. సగం మన్నే" అన్నాడు.

తర్వాత హోటలు వైపు తిరిగి చూశాడు. ఆయన ముఖంలో కోపం వెతికాను. లేదు.

"పాపం, ఆ హెడ్డుకు ఎవురో అంటగట్టినారు. చెప్తే పోయి మార్చుకోనుండు. ఇంగ నేనెట్ల చెప్పేది?"